చొప్పను మాగబెడదాం, అడవి మేత హక్కును మాత్రం వదలొద్దు



ఈసారి మేకల గురించి రాస్తున్నాను. పోడు పట్టాలు, జీవోలు, ఉద్యోగాలు, ఇన్ని సమస్యలుండగా వీడికి మేకల మేత గుర్తొచ్చిందా అని నవ్వుకునే ముందు ఒక్క లెక్క వేసుకోండి. మీరు ఇంటర్‌లో చేరినప్పుడు, డిగ్రీ ఫీజు కట్టినప్పుడు, ఇంట్లో ఎవరికో జ్వరం ముదిరి పట్నం దవాఖానకు తీసుకుపోయినప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మా ఇంట్లో అయితే మేకల దొడ్డి నుంచే వచ్చింది. నా మూడేళ్ల డిగ్రీకి ఏడు మేకలు పోయాయి. పెళ్లికి మేక, చావుకు మేక, పేన్ కార్యానికి మేక. బ్యాంకు వాడు కాగితాలు అడుగుతాడు, జామీను అడుగుతాడు. మేక ఏమీ అడగదు. దానికి కావాల్సింది మేత ఒక్కటే.

ఆ మేత దగ్గరే మనం ఓడిపోతున్నాం.

పోయిన హోలీ నాటికి మా అమ్మ దగ్గర పిల్లలతో కలిపి పదకొండు మేకలున్నాయి. మిరుగం వచ్చేసరికి ఐదు మిగిలాయి. తల్లులకు పాలు చాలక రెండు పిల్లలు చచ్చిపోయాయి. నాలుగింటిని అమ్మేసింది. ఎండకాలంలో ఎముకలు తేలిన మేకను బేరగాడు తూకం వేయడు. చేత్తో వెన్ను తడిమి ఒక ధర చెబుతాడు, అంతే. "పండుగ దాకా ఆగుదామమ్మా, మంచి ధర వస్తది" అన్నాను. "పండుగ దాకా ఏం పెట్టి ఆపుదాం బిడ్డా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

నిజం చెప్పాలంటే జవాబు ఉండేది. దాన్ని నేనే కాల్చేశాను. సోయా నూర్పిడి అయ్యాక మిగిలిన పొట్టు కుప్పకు, కంది కొట్టాక మిగిలిన పొట్టుకు, చేను శుభ్రం అవుతుందని అగ్గిపుల్ల గీసింది నేనే. డిగ్రీ చదివిన వాణ్ణి! మా అమ్మ వద్దని కూడా అనలేదు. ఎందుకంటే చుట్టూ ఉన్న చేన్లన్నిటిలోనూ అదే పొగ లేస్తోంది.

ఆ పొగ నుంచి నేను నేర్చుకున్న రెండు మాటలు ఈ రోజు మీతో చెప్పాలి. మొదటిది, పంట నుంచి మిగిలే చొప్పను, పొట్టును దాచి, మాగబెట్టి మేకలకు పెట్టే విద్య మన యువత నేర్చుకోవాలి. రెండోది, ఆ విద్యను చూపించి "ఇంక మీకు అడవి మేత ఎందుకు?" అని ఎవరడిగినా ఒప్పుకోకూడదు. ఈ రెండూ కలిపి చదవండి. మొదటి మాటే విని వెళ్లిపోతే నష్టపోతాం. రెండో మాటే పట్టుకుని కూర్చుంటే మన మేకలు చస్తాయి.

మేత ఎందుకు తగ్గింది?

ఈ ప్రశ్నకు మనం ఎప్పుడూ సగం జవాబే చెబుతాం. అడవిలోకి పోనివ్వడం లేదు కాబట్టి అంటాం. అది నిజమే. మా తాత మేకలు తోలుకుపోయిన దారిలో ఈ రోజు కందకం ఉంది. కందకం అవతల ప్లాంటేషన్. ఇంకొంచెం ముందుకు పోతే పులుల అభయారణ్యం బోర్డు. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించాక మనకూ అడవికీ మధ్య గీతలు ఇంకా పెరిగాయి.

మిగతా సగం జవాబు మన చేన్లలోనే ఉంది. మా తాత కాలంలో ప్రతి చేనులో జొన్న ఉండేది. జొన్న గింజ మనిషికి, చొప్ప పశువుకు. కోతలయ్యాక చొప్పను మంచె మీదికి ఎక్కించి కుప్ప పెట్టేవాళ్లు. వాన తగలదు, చెద పట్టదు, ఎండకాలమంతా ఎద్దులకు, మేకలకు సరిపోయేది. ఇప్పుడు ఆ చేన్లన్నీ పత్తి. పత్తి మనిషికి అన్నం పెట్టదు, పశువుకు మేత పెట్టదు. డబ్బు ఇస్తుందంటారు, ఆ డబ్బు విత్తనం షాపు దాకా పోయి అక్కడే ఆగిపోతుంది. జొన్న పోయిన రోజే మన కొట్టంలో సగం మేత పోయింది. దీనికి ఏ రేంజర్‌నూ తిట్టలేం.

అంటే మేకకు రెండు వైపులా దారి మూసుకుపోయింది. అడవి వైపు దారిని మూసినవాళ్లతో కొట్లాడాలి. చేను వైపు దారిని మనమే తెరుచుకోవాలి.

చేనులో ఏముంది?

ముందు ఒక విషయం. మేక ఆవు లాంటిది కాదు. ఆవు తల వంచి గడ్డి మేస్తుంది. మేక రెండు కాళ్ల మీద లేచి ఆకు అందుకుంటుంది. అందుకే ఒట్టి వరిగడ్డి ముందు వేస్తే వాసన చూసి వదిలేస్తుంది. దానికి పప్పుజాతి పంటల పొట్టు ఇష్టం. కంది పొట్టు, పెసర, మినుము పొట్టు, వేరుశనగ కట్టె, సోయా పొట్టు. వీటికి ఏ మందూ కలపనక్కర్లేదు. వాన తగలకుండా, బూజు పట్టకుండా నీడలో దాచడమే వీటికి చేయాల్సిన పని. బూజు పట్టిన వేరుశనగ కట్టె, బూజు పట్టిన చెక్క మాత్రం ఎంత ఆకలి మీద ఉన్నా పెట్టొద్దు. బూజులో విషం ఉంటుంది.

రెండో రకం గట్టి మేత. జొన్న చొప్ప, మక్క చొప్ప, వరిగడ్డి. వీటిలో మాంసకృత్తులు 3, 4 శాతం దగ్గరే ఉంటాయి. మేక పొట్టలో మేతను అరిగించే సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే ఆ మేతలో కనీసం 7 శాతం మాంసకృత్తులు కావాలి. అందుకే ఒట్టి చొప్ప కడుపునిండా తిన్నా మేక చిక్కిపోతుంది. కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. ఈ చొప్పనే యూరియాతో మాగబెడతారు. పశువైద్య శాఖ వాళ్లు దీన్ని "సుపోషకం చేయడం" అంటారు. పేరు పెద్దదే గానీ పని చిన్నది.

చొప్పను రెండు మూడు అంగుళాల ముక్కలుగా నరకాలి. 100 కిలోల ఎండు చొప్పకు 4 కిలోల యూరియా. దాన్ని దాదాపు 50 లీటర్ల నీళ్లలో ఒక్క పలుకు కూడా మిగలకుండా పూర్తిగా కరిగించాలి. నేల మీద టార్పాలిన్ పరిచి చొప్పను పొరలు పొరలుగా వేస్తూ, ప్రతి పొర మీద ఆ నీళ్లు సమానంగా చల్లుతూ, కాళ్లతో తొక్కుతూ పోవాలి. చివరికి గాలి పోకుండా గట్టిగా కప్పి, అంచుల మీద రాళ్లో మట్టో వేసి 21 రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి.

లోపల ఏం జరుగుతుందంటే, తడిలో యూరియా విడిపోయి అమ్మోనియా గాలి అవుతుంది. ఆ గాలి చొప్పలోని గట్టి పీచును వదులు చేస్తుంది. కొంత నత్రజని చొప్పకే పట్టుకుంటుంది. మేక పొట్టలోని సూక్ష్మజీవులు ఆ నత్రజనితోనే మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. సరిగా మాగిన వరిగడ్డిలో మాంసకృత్తుల లెక్క 7, 8 శాతానికి చేరుతుంది. తెరిచినప్పుడు చొప్ప పసుపు, గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, ముక్కు అదిరే వాసన వస్తుంది. ఆ రోజుకు కావాల్సినంత తీసుకుని నీడలో పరిచి, గంట రెండు గంటలు గాలికి ఉంచి, ఘాటు పోయాకే మేకల ముందు వేయాలి. మిగతా కుప్పను మళ్లీ మూసేయాలి.

పది మేకలున్న ఇంటికి ఎంత కావాలి? 25, 30 కిలోల మేక రోజుకు దాదాపు కిలో ఎండు మేత తింటుంది. అందులో 300 గ్రాములు మాగిన చొప్ప అనుకుందాం, మిగతాది ఆకు, పొట్టు, బయటి మేత. పది మేకలకు రోజుకు 3 కిలోలు. మార్చి నుంచి మే దాకా 90 రోజులకు 270 కిలోలు. దానికి పట్టే యూరియా 11 కిలోలు. 45 కిలోల బస్తా 267 రూపాయల లోపే కాబట్టి 70 రూపాయలు దాటదు. మా అమ్మ అమ్మిన నాలుగు మేకల ముందు ఈ 70 రూపాయలు పెట్టి చూడండి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

యూరియా ఎక్కడ దొరుకుతుందిలే అంటారా? 2025 వానాకాలంలో తెలంగాణ అంతా యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ సంగతి మనకు తెలుసు. అందుకే ఈ పని వానాకాలం పెట్టుకోవద్దు. చొప్ప ఇంటికి చేరే డిసెంబర్, జనవరిలో చేసుకోవాలి. పత్తికి వేయగా మిగిలిన పావు బస్తా చాలు. అదీ దొరక్కపోతే ఒట్టి చొప్పనే ముక్కలుగా నరికి, నీళ్లూ కాస్త ఉప్పూ చల్లి, కంది పొట్టు కలిపి పెట్టినా తినేది పెరుగుతుంది, పారేసేది తగ్గుతుంది. నరకడం కూడా ఒక వైద్యమే.

తెలియక చేస్తే ప్రాణం పోతుంది

ఈ భాగం దయచేసి దాటేయకండి.

మా పక్క గూడెంలో ఒకాయన ఒక శిక్షణకు పోయి వచ్చాడు. అక్కడ రెండు గంటలు తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పారు. తెర మీద బొమ్మలు చూపించారు, టిఫిన్ పెట్టారు, ఫొటో దిగారు. ఆయనకు గోండి తప్ప ఇంకో భాష పూర్తిగా రాదు. "యూరియా వేస్తే మేక బలుస్తది" అన్న ఒక్క ముక్కే అర్థమైంది. ఇంటికొచ్చి కుడితి తొట్టిలో పిడికెడు యూరియా కలిపాడు. సాయంత్రానికి మూడు మేకలు కడుపు ఉబ్బి, నోట్లో నురగ కారి, వణుకుతూ పడిపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తప్పు ఆయనదా? వినేవాడి భాషలో చెప్పనివాళ్లదా? ఆ శిక్షణ లెక్కలో ఆయన కూడా ఒక "లబ్ధిదారుడే".

కాబట్టి గుర్తుపెట్టుకోండి. యూరియాను ఎప్పుడూ నేరుగా మేతలో, నీళ్లలో, కుడితిలో కలపొద్దు. చొప్పకు పట్టించి 21 రోజులు మాగాకే పెట్టాలి. కలిపిన బకెట్‌ను, మిగిలిన నీళ్లను మేక నోటికి అందనీయొద్దు. ఆరు నెలల లోపు పిల్లలకు మాగిన చొప్ప పెట్టొద్దు, వాటి పొట్ట ఇంకా దానికి తయారు కాదు. పస్తున్న మేకకు, జబ్బు మేకకు పెట్టొద్దు. కోళ్లకు, పందులకు అసలే పనికిరాదు. మొదటి రోజు ఒక్క పిడికెడు, వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి. తాగడానికి నీళ్లు ఎప్పుడూ ముందుండాలి. కడుపు ఉబ్బడం, చొంగ కారడం, తూలడం కనిపిస్తే వెంటనే మేత ఆపి, చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి మెల్లగా తాగించి, 1962కు ఫోన్ చేయాలి. అది సంచార పశువైద్య వాహనం నంబర్.

ఇంకో మూడు జాగ్రత్తలు. కోసిన జొన్న మోళ్ల నుంచి వచ్చే లేత పిలకలు విషం, మేకలను అటు తోలొద్దు. మందు కొట్టిన పత్తి చేనులోకి మేకలను వదలొద్దు. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి ఏరిన చేన్లలో మేసి గొర్రెలు చనిపోయాయని కాపరులు గగ్గోలు పెట్టారు. కారణం పత్తి రకమా, పురుగుమందా అన్న వాదన నడుస్తూనే ఉండిపోయింది, గొర్రెలు మాత్రం తిరిగి రాలేదు. మూడోది రేషన్ బియ్యం. బలం వస్తుందని గంజి, అన్నం, బియ్యం ఎక్కువగా పెడితే మేక పొట్టలో పులుపు పెరిగి చచ్చిపోతుంది. ఇది మన గూడేల్లో ఇప్పటికీ జరుగుతోంది.

ఇప్పుడు అసలు మాట

పైన చెప్పిందంతా చదివి ఎవరైనా సారు సంతోషపడి "చూశారా, మీ యువకుడే చెబుతున్నాడు, మేకలను కొట్టంలో కట్టేసి పెంచుకోండి, అడవి జోలికి రాకండి" అనొచ్చు. ఈ మాట మనకు కొత్త కాదు. మేక అడవికి శత్రువు అన్న ఆరోపణ చాలా పాతది. ఆ ఆరోపణ మీద కేంద్ర ప్రభుత్వమే 1987లో హనుమంతరావు అధ్యక్షతన ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. అడవి నాశనానికి మేకనే కారణంగా చూపించడానికి ఆధారం లేదని అది తేల్చింది. మేక ఆకు తింటుంది, నిజమే. కానీ కొండను తవ్వి గనులు తీసింది మేక కాదు, వేల చెట్లు కొట్టి ప్రాజెక్టులు కట్టింది మేక కాదు.

మేత మీద పెత్తనం ఎప్పుడూ మనిషి మీద పెత్తనమే. నిజాం కాలంలో అడవిలో పశువులు మేపినందుకు అటవీ సిబ్బంది చేసిన వసూళ్లు, పెట్టిన బాధలు కుమ్రం భీం పోరాటానికి ఒక కారణం. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణం పోయింది. అటు పల్నాడులో 1920ల మొదట్లో అడవిలో పశువులు మేపుకునేందుకు కట్టాల్సిన పుల్లరిని ఎదిరించి కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. మన పెద్దలు గడ్డిపోచ కోసం చచ్చిపోలేదు. ఆ గడ్డి మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్న కోసం చచ్చిపోయారు.

ఈ ప్రశ్నకు 2006 అటవీ హక్కుల చట్టం జవాబు చెప్పింది. సెక్షన్ 3(1)(డి) చదవండి. పశువులు మేపుకునే హక్కు అందులో సామూహిక హక్కుగా స్పష్టంగా రాసి ఉంది. 3(1)(ఐ) ప్రకారం మన సామూహిక అటవీ వనరును కాపాడే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు మనదే. సెక్షన్ 5 ప్రకారం ఆ వనరులోకి ఎవరు, ఎలా రావాలన్నది క్రమబద్ధం చేసే అధికారం గ్రామసభది. 4(5) ప్రకారం హక్కుల గుర్తింపు ప్రక్రియ పూర్తి కాకుండా మనల్ని కదిలించకూడదు. మనలో ఎక్కువమంది పోడు పట్టా కోసం వ్యక్తిగత ఫారం నింపాం. సామూహిక హక్కుల ఫారం-బి, సామూహిక అటవీ వనరుల ఫారం-సి ఎంతమంది నింపారు? మీ ఊరి మేకల దారి, నీళ్ల రేవు, వానాకాలం మేపే గుట్ట, ఎండకాలం మేపే వాగు ఒడ్డు, ఇవి ఏ కాగితం మీదైనా ఉన్నాయా? కాగితం మీద లేని దారిలో రేపు కందకం తవ్వితే ఏం చూపిస్తాం?

2025 మే చివర్లో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ పేరుతో జీవో 49 వచ్చింది. మనం రోడ్డెక్కాం. జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ఆ ఆందోళనలో నేనూ ఉన్నాను. కానీ నిలిపివేయడం వేరు, ఎత్తివేయడం వేరు. ఇలాంటి జీవో రేపు మళ్లీ వస్తే దాని పక్కనే తియ్యటి పథకం కూడా రావచ్చు. కొట్టం కట్టిస్తాం, దాణా ఇస్తాం, మేకల యూనిట్ ఇస్తాం అంటారు. తీసుకోండి, అది మన పన్నుల డబ్బే. కానీ దరఖాస్తు చివర్లో "ఇకమీద అడవిలో మేపను" అనే వాక్యం ఉందేమో వేలు పెట్టి చదవండి. ఉంటే సంతకం పెట్టకుండా గ్రామసభకు తీసుకురండి. సామూహిక హక్కును ఒక ఇంటి సంతకంతో ఎవరూ కొనలేరు, అమ్మలేరు.

ఇంకో సంగతి. కట్టేసి పెంచే మేకకు దాణా కొనాలి. కొనే మేత ధర మన చేతిలో ఉండదు. పత్తి విత్తనం షాపు దగ్గర ఏం జరిగిందో దాణా షాపు దగ్గరా అదే జరుగుతుంది. పొద్దున అడవిలో ఆకు మేసి, సాయంత్రం కొట్టంలో మన చేను పొట్టు తినే మేక ఎవరికీ అప్పు పడదు. మాగిన చొప్ప అడవి మేతకు తోడు మాత్రమే, అడవికి బదులు కాదు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

మనవాళ్లతో రెండు మాటలు

ఉద్యమంలో ఉన్న కొందరు అన్నలు నాతో గొడవపడ్డారు. "తమ్ముడూ, ప్రత్యామ్నాయ మేత అని మనమే అంటే హక్కు వదిలేసినట్టే" అన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ అన్నా, ఎండకాలంలో నాలుగు మేకలు అమ్ముకున్న మా అమ్మ మేపే హక్కు కోసం గ్రామసభకు ఎందుకొస్తది? మేకలే లేని ఊరికి మేత హక్కు ఎవరిస్తారు? అప్పుడు అధికారి నవ్వుతూ "మీ ఊళ్లో మేకలెన్ని?" అని అడుగుతాడు. మేకలు బతికుంటేనే హక్కు బతుకుతుంది. ఎండకాలం దాటించే మేత మన పోరాటానికి అడ్డం కాదు, బలం.

పెద్దలతో కూడా ఒక మాట. "అడవి ఆకు తిననిది మేకేనా?" అని మా తాత అంటాడు. నిజమే తాతా. కానీ నీ కాలంలో మంచె మీద జొన్న చొప్ప ఉండేది, మా కాలంలో పొగ ఉంది. నువ్వు దాచడం తెలిసినవాడివి, మేము మర్చిపోయినవాళ్లం. ఇది కొత్తగా ఊళ్లోకొచ్చిన విద్య కాదు, సగం నీదే. యూరియా ఒక్కటే కొత్తది.

అడవిని మనమూ జాగ్రత్తగా వాడుకోవాలి. ఆకు కోసం కొమ్మ మొత్తం నరికేయడం, లేత మొక్కలున్న చోటికి మందను తోలడం మన ఊళ్లలోనూ ఉంది. ఏ గుట్టను ఈ ఏడు వదిలేయాలి, ఏ చెట్టు కొమ్మ ఎంతవరకు కొట్టాలి అన్నది మన గ్రామసభే తీర్మానం చేసి, మనమే పాటించాలి. నిర్వహించే హక్కు అడిగేవాడు నిర్వహించి చూపించాలి.

ఏం చేద్దాం?

ఈ పంట నుంచే మొదలుపెడదాం. పొట్టుకు, చొప్పకు నిప్పు పెట్టేది లేదని గూడెంలో తీర్మానం చేద్దాం. పటేల్ ముందు, అందరి ముందు. పత్తి మధ్య కంది సాలు తప్పకుండా వేద్దాం, పప్పు మనకు, పొట్టు మేకకు. ఇంటికి అర ఎకరమైనా జొన్న తిరిగి తెచ్చుకుందాం. చేను గట్ల మీద అవిసె, సుబాబుల్ నాటుదాం. సుబాబుల్ ఆకు మేతలో మూడో వంతు దాటొద్దు, ఎక్కువైతే వెంట్రుకలు రాలిపోతాయి.

ఐటీడీఏను మూడు అడుగుదాం. గూడేనికొక చొప్ప నరికే మిషన్, మహిళా సంఘం పేరు మీద. శిక్షణ గోండిలో, కోలామిలో, కొట్టంలోనే, చేత్తో చేసి చూపిస్తూ. వానలకు ముందే చిటుక రోగం టీకా, పీపీఆర్ టీకా. నాలుగోది అటవీ హక్కుల కమిటీని అడుగుదాం. మేకల దారులు, మేత గుట్టలు పటంలో గీసి ఫారం-బి, ఫారం-సి దాఖలు చేయాలి. ఆ పటం గీయడానికి పెద్దల జ్ఞాపకం, మన ఫోన్‌లో జీపీఎస్ రెండూ కావాలి. ఈ పనికి మనకంటే తగినవాళ్లు ఎవరు?

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్క విన్నపం. ఈ పోస్టు షేర్ చేసి వదిలేయకండి. మీ అమ్మ దగ్గర కూర్చుని మీ భాషలో చదివి చెప్పండి. ముఖ్యంగా ప్రాణం పోయే భాగం రెండుసార్లు చెప్పండి. మన ఇళ్లలో మేకలను చూసుకునేది ఎక్కువగా ఆమే, శిక్షణకు పిలిచేది మాత్రం మగవాళ్లను.

ఈ ఏడు మా సోయా పొట్టు కాలలేదు. కొట్టం మూలలో టార్పాలిన్ కింద జొన్న చొప్ప కూడా ఉంది, పక్కూరి నుంచి తెచ్చింది. మొన్న మూత తీసినప్పుడు ఘాటుకు మా అమ్మ ముక్కు మూసుకుని "ఇదేం తింటయిరా" అని నవ్వింది. గాలికి ఆరబెట్టి పిడికెడు వేశాను. ముసలి మేక ముందు వాసన చూసింది, పక్కకు పోయింది, మళ్లీ వచ్చి తిన్నది. మా అమ్మ ఏమీ అనలేదు. బేరగాడు వచ్చినప్పుడు మాత్రం "ఈసారి పండుగకు రా" అని చెప్పి పంపింది.

మరుసటి రోజు పొద్దున ఎప్పటిలాగే ఐదు మేకలనూ అడవి దారికి తోలింది.

జల్, జంగల్, జమీన్ మనదే. జై ఆదివాసీ!